కాలమునకు ముందు నడచిన ఆటగాఁడు

క్రొత్తదానిని చూచి లోకము మొదట నవ్వును; పిదప దానినే పాఠముగా వల్లించును. బడిలో ఇరువదియేండ్లు గడపిన మాకు ఈ సత్యము తరచు గోచరించుచుండును. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాఁడు పీట్ మరావిచ్ చరిత్రము దీనికి నిదర్శనము.

ఇతఁడు 1947లో జన్మించెను. తండ్రి ప్రెస్ మరావిచ్ ఆ యాటకు శిక్షకుఁడు. కొడుకునకు బాల్యముననే బంతిని అలవఱచెను. లూసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయమున మూఁడేండ్లలో, 83 ఆటలలో, మరావిచ్ 3,667 పాయింట్లు గడించెను. దూరమునుండి వేసిన బంతికి మూఁడు పాయింట్లిచ్చు నియమము అప్పటికి లేదు. వీపు వెనుకనుండి బంతి నందించుట, చూపొకవైపు నిలిపి వేఱొకవైపునకు విసరుట అతని పోకడలు. పెద్దలు కొందఱు వానిని గారడి యని యీసడించిరి.

ఆ యాక్షేపణము పూర్తిగా నిరాధారము కాదు. అతఁడాడిన జట్టు అతఁడుండఁగా ఛాంపియన్‌షిప్ గెలువలేదు. కాని నేఁడు బాలురు మక్కువతో నేర్చునవి యా విద్యలే. వృత్తిక్రీడలో మూఁడు పాయింట్ల గీఁత 1979లో వచ్చెను. అతని కదియే కడపటి ఋతువు. 15 ప్రయత్నములలో 10 సఫలములయ్యెను. 1988లో, నలువదేండ్ల ప్రాయమున, ఆటస్థలముననే కూలి మరణించెను. ఎడమ కరోనరీ ధమని యతనికి పుట్టుకతోనే లేదని పిదప తెలిసెను.

2024లో కెయిట్లిన్ క్లార్క్ అను యువతి ఆ పాయింట్ల సంఖ్యను దాఁటెను. ఆమెకు నాలుగేండ్ల గడువును, మూఁడు పాయింట్ల గీఁతయు కలవు గదా యని కొందఱు తూకము వేసిరి. మాకు ముఖ్యముగా తోఁచునది వేఱు: మరావిచ్ చదివిన కాలమున జాతీయ కళాశాలా క్రీడాసంఘము స్త్రీలకు ఈ యాటలో పోటీలే నడపలేదు. నాఁడు గారడి యనిపించుకొన్న విద్య నేఁడు బాలికలకును సొత్తైనది.

మన యిండ్లలో కొడుకు గాని కూఁతురు గాని క్రొత్త పోకడ చూపినపుడు, దండించుటకు ముందు కొంత నిదానించి చూతము.