పట్టీ బటన్ పెట్టే ఉంది

నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. ఈ మాట ఆసుపత్రిలో డాక్టరు గారికి చెప్పాను, వాంగ్మూలం తీసుకోవడానికి వచ్చిన ఎస్సై గారికి చెప్పాను, విచారణాధికారికి రాసిచ్చాను. చివరికి మా ఆవిడకి కూడా చెప్పుకోవాల్సి వచ్చింది.

ఏఆర్ కానిస్టేబుల్‌ని. ఒక ప్రజాప్రతినిధి దగ్గర గన్‌మన్‌గా పనిచేసేవాణ్ని. నాకిచ్చింది గ్లాక్ పిస్టల్. ఆస్ట్రియా కంపెనీది. బొటనవేలితో వేసి తీసే సేఫ్టీ మీట దానికి ఉండదు. ట్రిగ్గర్ మధ్యలో సన్నని చిన్న పలక ఉంటుంది. అది లోపలికి నొక్కుకుంటేనే ట్రిగ్గర్ వెనక్కి వస్తుంది. కింద పడితే పేలకుండా లోపల ఇంకో రెండు ఏర్పాట్లున్నాయి. అన్నీ బాగానే పనిచేస్తాయి. కానీ దాదాపు రెండున్నర కిలోల బలంతో ట్రిగ్గర్‌ని వెనక్కి నెట్టింది మనిషి వేలా, చొక్కా అంచా, తోలు ముక్కా అన్నది పిస్టల్‌కి తెలియదు.

హోల్‌స్టర్ తోలుది. నాకంటే ముందు ఎంతమంది నడుముకి ఉందో! కోస్తా ఉక్కపోతలో చెమటకి నాని, ఎండకి ఆరి, కారెక్కిన ప్రతిసారీ సీటుకీ నడుముకీ మధ్య నలిగి దాని మూతి మెత్తబడిపోయింది. పిస్టల్ తీయగానే లోపలికి ముడుచుకుపోయేది. కొత్తది కావాలని అడిగాను. స్టాకు లేదన్నారు.

ఆ రోజు పొద్దున పిస్టల్ తీసుకుని, చాంబర్‌లో రౌండ్ ఎక్కించి (ఆ డ్యూటీకి మాకున్న ఆదేశం అదే), హోల్‌స్టర్‌లో పెట్టి పట్టీ బటన్ నొక్కాను. సార్ ఇంకా ఇంట్లోంచి రాలేదు. డ్రైవరు ఏసీ వేశాడు. ముందు సీట్లో కూర్చుని తలుపు వేసి, బెల్టు కోసం పక్కకి వంగాను.

కారులో పేలుడు. చెవులు మూసుకుపోయాయి. ఎవరో దాడి చేశారనే అనుకుని పిస్టల్ మీద చెయ్యేశాను. పట్టీ బటన్ పెట్టే ఉంది. చెయ్యి పైకి తీస్తే రక్తం. నొప్పి ఇంకా మొదలవలేదు. తుంటి నుంచి పాదం దాకా కరెంటు పాకినట్టు మాత్రం తెలిసింది.

డ్రైవరు వెనక సీటు మీద పరిచిన తెల్ల టర్కీ తువ్వాలు లాగి, మడిచి, తొడ వెనక గాయం మీద అదిమిపట్టాడు. రెండో బండి డ్రైవరు వచ్చి స్టీరింగ్ అందుకున్నాడు. దారిలో ఒకసారి తువ్వాలు తీసి చూడమన్నాను. “కదలకన్నా, నేను తియ్యను” అన్నాడు. ఆసుపత్రి మంచం మీదికి చేర్చేవరకూ వాడు చెయ్యి తియ్యలేదు. నేను బతికున్నానంటే ఆ కుర్రాడి వల్లే.

తూటా తుంటి పక్కన దిగి, తొడ వెనక నుంచి బయటికొచ్చి, సీటునీ దాని కింది రేకునీ చీల్చుకుని నేలలోకి పోయింది. ఎముకకి తగల్లేదు, పెద్ద రక్తనాళానికీ తగల్లేదు. పాదాన్ని పైకి లేపే నరం మాత్రం దెబ్బతింది. ఇప్పటికీ బూటు లోపల పట్టీ పెట్టుకుంటేనే నడవగలను.

గాయం కంటే విచారణే ఎక్కువ నలిపింది. ఇంట్లో గొడవలున్నాయా, అప్పులున్నాయా అని అడిగారు. డ్యూటీ తుపాకీతో ప్రాణాలు తీసుకున్నవాళ్లు మాలో ఉన్నారు కాబట్టి ఆ ప్రశ్నని తప్పు పట్టను. కానీ అదే ప్రశ్న మా ఆవిణ్ని ఆసుపత్రి వరండాలో, మా అమ్మాయి ఎదుట అడిగారు. అది మాత్రం నేను మరిచిపోలేను. 2024 అక్టోబరు 1న ముంబైలో నటుడు గోవిందా కాలికి సొంత రివాల్వర్ తూటా తగిలిన వార్త వచ్చింది. చేజారి పడి పేలిందని ఆయన మనుషులు చెబుతున్నా జనం తలోరకంగా మాట్లాడుకున్నారు. మా ఆవిడ లేచి టీవీ కట్టేసింది.

నన్ను గట్టెక్కించింది ఆయుధాల మంచిచెడ్డలు చూసే మా ఆర్మరర్. పేలిన రౌండ్ ఖాళీ కేసు చాంబర్‌లోనే ఉండిపోవడం మొదట చూసింది ఆయనే. చేత్తో పట్టుకుని పేలిస్తే స్లైడ్ వెనక్కి వెళ్లి ఆ కేసు బయటికి ఎగిరిపడాలి, తర్వాతి రౌండ్ లోపలికి రావాలి. హోల్‌స్టర్‌లో బిగుసుకుని ఉండటం వల్ల స్లైడ్ కదల్లేదని రాసిచ్చాడు. తర్వాత విచారణాధికారి ముందే పిస్టల్ ఖాళీ చేసి, చాంబర్‌ని కళ్లతో చూసి, వేలుపెట్టి మళ్లీ చూసి, నా హోల్‌స్టర్‌లోకి దించాడు. మూతి దగ్గర తోలు మడత లోపలికి మడుచుకుని, పిస్టల్‌తోపాటు దిగి ట్రిగ్గర్ ముందు చేరింది. దాన్ని బెల్టుకి తగిలించుకుని కుర్చీలో కూర్చుని పక్కకి వంగాడు. హోల్‌స్టర్ అడుగు కుర్చీకి ఆనింది, తోలు పైకి తోసుకొచ్చింది. ‘టక్’మంది.

“మళ్లీ చెయ్యి” అన్నారు విచారణాధికారి. మళ్లీ ‘టక్’మంది.

ఇప్పుడు నాకు ఆయుధాల గది రిజిస్టరు దగ్గర పని. వచ్చిన ప్రతి హోల్‌స్టర్ మూతినీ బొటనవేలితో నొక్కి చూస్తాను. లోపలికి వంగితే పక్కన పడేస్తాను. పిస్టల్ తీశాక కూడా మూతి తెరుచుకునే ఉండాలి, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న భాగమంతా గట్టిగా కప్పి ఉండాలి. కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి అయితే అలా ఉంటాయి. లోపల పెట్టేటప్పుడు తల వంచి చూస్తూ, నిదానంగా పెట్టమంటాను. ఏదైనా అడ్డు తగిలితే నెట్టొద్దు, బయటికి తీసి చూడమంటాను. మొన్న ఒక కుర్రాడి హోల్‌స్టర్ అలాగే వంగింది. వేరేది వచ్చేదాకా పిస్టల్ ఇవ్వనన్నాను.

“మా సార్ ఊరుకోరు అన్నా, బయల్దేరే టైమైంది” అన్నాడు.

ఆ సార్‌కి నేనే ఫోన్ చేశాను.