దీపం ఎప్పుడు పెట్టాలి?

నెల్లూరు తీరంలో పుట్టినవాళ్ళకి ఎండ కరువు తెలియదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దవాళ్ళు అంటే మా వైపు ఎవరూ అతిశయోక్తి అనుకోరు. మే నెల మధ్యాహ్నం మైపాడు ఇసుకలో చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళకి సూర్యుడి మీద భక్తి ఉంటే ఉండొచ్చు గానీ, ఆయన్ని చూడటానికి విమానం టికెట్టు కొనాలన్న ఆలోచన మాత్రం రాదు. ఏళ్ళ తరబడి ఓస్లోలో ఉంటూ నేను ఉత్తరానికి పోకపోవడానికి కారణం అదే. ఈసారి వేసవికి అమ్మ వచ్చింది. ఎండలు తప్పించుకుందామని నెల్లూరు నుంచి వచ్చిన మనిషిని అర్ధరాత్రి కూడా ఎండ కాసే చోటికి తీసుకెళ్తున్నానని తెలిసి మా పిన్ని ఫోన్లో చాలాసేపు నవ్వింది.

మేం వెళ్ళిన ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి దాదాపు 350 కిలోమీటర్లు ఉత్తరాన, దీవి మీద ఉన్న ఊరు. మే 20 ప్రాంతం నుంచి జులై 22 ప్రాంతం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు. భూమి వంగి తిరుగుతుంది కాబట్టి వేసవిలో ఉత్తరపు కొస పగలూ రాత్రీ సూర్యుడి వైపే ఉంటుంది, అంతే సంగతి. ఆ వంపు ప్రభావం మన ఊళ్ళోనూ ఉంది, ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడుమ దాకా నెల్లూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరంగా ఉంటాడు, మన నీడ దక్షిణానికి పడుతుంది. ఆ ఎండలో నిలబడి నీడ ఎటు పడిందో చూసే ఓపిక ఎవరికి?

అమ్మ ఇబ్బంది ఓస్లోలోనే మొదలైంది. జూన్‌లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. సందెదీపం పెట్టి పడుకోవడం, పొద్దున్నే లేవడం అలవాటైన మనిషి దీపం కోసం నిద్ర ఆపుకుని కూర్చునేది. ట్రోమ్సోలో ఆ అవకాశమూ పోయింది. వెళ్ళిన మర్నాడు శనివారం, ఆమెకి ఒక్కపొద్దు. పొద్దు గుంకాక గానీ అన్నం ముట్టదు. కిటికీ దగ్గర నిలబడి బయటికి చూసి, "ఏంది పాపా ఇది? ఈడ పొద్దు గుంకేది జులైలోనంటివే. అప్పటిదాకా నేను పస్తుండాల్నా?" అంది.

నేను తర్కాలు వెతుకుతుంటే ఆమె ఫోన్ తీసి మైపాడు దగ్గర ఉండే పిన్నికి కలిపింది. "దీపం పెట్టినారా?" అని అడిగింది. పెట్టారు. అక్కడ సాయంత్రం ఆరున్నర దాటింది, మాకు మూడు దాటింది. ఈమె ఇక్కడ దీపం వెలిగించి, దండం పెట్టుకుని, అన్నానికి కూర్చుంది. అక్కడున్నన్ని రోజులూ మా సందెవేళ మధ్యాహ్నం మూడు గంటలకే. ఇది అమ్మ సొంత తెలివి అని మురిసిపోయాను గానీ, అదే సమస్యకి ట్రోమ్సోలోని ముస్లింలు ఎప్పుడో ఇదే దారి పట్టారు. రంజాన్ వేసవిలో వస్తే మక్కా వేళల ప్రకారం ఉపవాసం విడుస్తారు. సూర్యుడు వేళ చెప్పడం మానేస్తే మనిషి తనకి నమ్మకమైన ఊరిని అడుగుతాడు. అమ్మకి ఆ ఊరు మైపాడు.

ట్రోమ్సోకి పడమట సొమ్మరోయ్ అనే చిన్న దీవి ఉంది. జాలర్ల ఊరు, తెల్లటి ఇసుక, మోకాలి దాకా దిగితే ఎముకలు కొరికే నీళ్ళు. 2019లో ఈ దీవివాళ్ళు గడియారాలు వద్దన్నారని, తమది కాలం లేని దీవిగా ప్రకటించమని అడిగారని ప్రపంచమంతా వార్తలొచ్చాయి. వంతెనకి చేతిగడియారాలు కట్టిన ఫోటోలు మన పత్రికల్లోనూ చూశాను. కొన్నాళ్ళకి అదంతా పర్యాటకుల్ని రప్పించడానికి నార్వే ప్రభుత్వ సంస్థ ఒకటి నడిపిన ప్రచారమని బయటపడింది. ఆ కథ అమ్మకి చెబితే, "టైము లేకపోతే పడవ ఎట్టా పోద్ది?" అంది. నిజమే. అవతల సెన్యా దీవికి పోయే ఫెర్రీ నిమిషం ఆలస్యం చెయ్యదు. చీకటి పడని చోట గడియారం ఇంకా ఎక్కువ అవసరం. రాత్రి పదకొండింటికి గడ్డి కోసుకునేవాళ్ళనీ, ఇంకా బయట ఆడుకుంటున్న పిల్లల్నీ చూశాను. పొద్దున ఆఫీసులు మాత్రం వేళకే తెరుస్తారు.

సొమ్మరోయ్‌లో ఒక రాత్రి, రాత్రి అనే అనాలి, పన్నెండింటికి ఒడ్డున కూర్చున్నాం. సూర్యుడు ఉత్తరాన సముద్రం మీద ఉన్నాడు, నీళ్ళకి కాస్త పైన. తూర్పు తీరం మనుషులం, సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడమే మాకు తెలుసు. ఇక్కడ రావడమూ లేదు, పోవడమూ లేదు, పక్కకి జరుగుతూ పోతాడు. నెల్లూరులో సూర్యుడు దాదాపు నిలువుగా దిగుతాడు కాబట్టి గుంకిన అరగంటకల్లా చీకటి. ఇక్కడ దారి ఏటవాలు, ఆ బంగారు వెలుగు గంటలకొద్దీ ఉంటుంది. అమ్మ చాలాసేపు చూసి, "ఇది పగలు కాదు పాపా. సాయంత్రమే అట్టా నిలబడిపోయింది" అంది. అంతకుముందు నేను చదివిన యాత్రా వ్యాసాల్లో ఎవరూ ఇంత సరిగ్గా చెప్పలేదు. మైపాడులో సాయంత్రం కోసం, ఒంటికి తగిలే ఆ సముద్రపు గాలి కోసం పొద్దుటి నుంచీ కాచుకుంటాం. దొరికేది గంటో గంటన్నరో. ఇక్కడ రెండు నెలలు.

ఇంకో వింత ఉంది. జూన్ 21న వాతావరణం పైఅంచు మీద పడే ఎండని 24 గంటలకీ కూడి చూస్తే నెల్లూరు మీద కంటే ఉత్తర ధ్రువం మీదే ఎక్కువ. అయినా అక్కడ మంచు, నెల్లూరులో వడగాలి. ఏటవాలుగా వచ్చే కిరణం ఎక్కువ గాలిని దాటుకుని రావాలి, వచ్చినదాన్ని మంచు చాలావరకు వెనక్కి తిప్పి కొడుతుంది, ఆర్నెల్ల చీకటిలో చల్లబడిన సముద్రం అంత తేలిగ్గా వేడెక్కదు. ట్రోమ్సోలో జులై సగటు 12 డిగ్రీలు. అది కూడా అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం పుణ్యం.

సెన్యాలో అమ్మ కళ్ళు కొండల మీద నిలవలేదు. ఒడ్డున ఖాళీగా ఉన్న పెద్ద పెద్ద కొయ్య దండేల మీద పడ్డాయి. చలికాలంలో బారెంట్స్ సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి తీరానికొచ్చే కాడ్ చేపల్ని తలలు తీసి, జతలుగా తోకలకి కట్టి, ఫిబ్రవరి నుంచి మే దాకా వీటి మీద వేలాడదీస్తారు. ఉప్పు వెయ్యరు. ఎండిన తలలు నైజీరియాకి పోతాయి. ఉప్పు లేకుండా, ఎండ లేకుండా ఎండుచేప ఎట్లా అవుతుందని అమ్మ నమ్మలేదు. చలికి ఈగలు రావు, గడ్డకట్టీ కట్టని చల్లగాలే ఆరబెడుతుంది. ఇంత వెలుగు ఉండే జూన్ దానికి పనికిరాదు, వెచ్చబడితే చేప పాడవుతుంది. నెత్తళ్ళు, సావడాలు ఇసుక మీద ఆరబోసుకునే మా తీరంలో ఎండ లేని రోజున ఎండుచేప వ్యాపారమే లేదు. అక్కడ కొన్న ఎండుచేప ముక్కని అమ్మ కాటేజీలో నానబెట్టి, తెచ్చుకున్న చింతపండుతో పులుసు చేసింది. మామిడికాయ లేని లోటు ఒకటి తప్ప బాగుంది.

సెన్యా నుంచి ఫెర్రీలో ఆండోయా దీవిలోని ఆండెనెస్‌కి దాటాం. ఆ దీవి మీద 1962 నుంచి రాకెట్లు ఎగరేస్తున్నారు. శ్రీహరికోటలో మొదటి రాకెట్ 1971 అక్టోబరు 9న లేచింది. అది మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాకి పోయింది. రాకెట్ ఉన్న రోజున మేడలెక్కి ఆకాశం చూడటం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. శ్రీహరికోట దీవిలో తరతరాలుగా ఉన్న యానాదులు ఖాళీ చేసి పోవాల్సొచ్చిందన్న సంగతి మాత్రం ఆ మేడల మీద ఎవరూ మాట్లాడుకోరు. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకి పోయే రాకెట్ శ్రీలంకని తప్పించుకుంటూ దారి మళ్ళాలి. ఆండోయాకి ఉత్తరాన చాలా దూరం ఖాళీ సముద్రమే. మన దేశానికీ ఈ వైపు ఒక ఇల్లుంది. ఇంకా ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని న్యూ ఓలెసుండ్‌లో 2008 జులై 1న తెరిచిన 'హిమాద్రి' పరిశోధన కేంద్రం.

వెలుగుకి ఇక్కడ కట్టే మూల్యం నవంబరు చివరన మొదలవుతుంది. జనవరి నడుమ దాకా ట్రోమ్సోలో సూర్యుడే కనిపించడు. జనవరి 21న తిరిగొచ్చాడని బేకరీల ముందు క్యూ కట్టి తీపి బన్నులు కొనుక్కుని పండగ చేసుకుంటారు. సంక్రాంతి సూర్యుడికి మనం పొంగలి పెట్టిన వారానికి అన్నమాట. ఎండని తిట్టుకుంటూ పెరిగినదాన్ని, ఆ క్యూలో నిలబడేవాళ్ళ మొహాలు చూడాలని నాకిప్పుడు ఉంది.

వెళ్ళదలచినవాళ్ళకి నా మాట: తప్పకుండా వెళ్ళండి, నెల్లూరు నుంచి అమ్మానాన్నలు వచ్చే వేసవి అయితే మరీ మంచిది. జులై 20 లోపు చూసుకోండి. అది దాటితే స్వాల్‌బార్డ్ దాకా పోవాలి, అక్కడ అర్ధరాత్రి ఎండ ఆగస్టు 20 దాటేవరకూ ఉంటుంది. గది మాట్లాడుకునేటప్పుడు మందపాటి తెరలున్నాయా అని అడగండి. వెలుగుందని మోసపోవద్దు, అర్ధరాత్రి ఒడ్డున స్వెట్టరు, మఫ్లరు ఉండాల్సిందే. షుగర్, బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళుంటే ఫోన్లో అలారం పెట్టండి. కిటికీలోంచి చూసి వేళ తెలుసుకోవడం అక్కడ కుదరదు.