తోమకూడని తుపాకులు

ఇత్తడి చెంబు కనబడితే చేతులు చింతపండు వెతికే వంశం మాది. అందుకే టెక్సస్‌లో ఉన్న మా బావకు పాత తుపాకులు కూడబెట్టే పిచ్చి పట్టిందని తెలిసి, “తోమడానికి మనిషిని పెట్టుకున్నావా బావా?” అని అడిగాను.

“తోమితే పెట్టిన డబ్బు గోవిందా!” అన్నాడు.

నూరేళ్లు పైబడిన ఉక్కు మీద మొదటి నీలం పూత మెల్లగా ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. డబ్బు పోసేది ఆ రంగుకే. గరుకు కాగితంతో రుద్దితే రంగుతో పాటు కంపెనీ అక్షరాల అంచులూ అరిగిపోతాయి. తుపాకీ చేతికివ్వగానే బావ గురి చూడడు, మరలు చూస్తాడు. మర తల మీది గాడి చెక్కుచెదరకుండా ఉంటే లోపల ఎవరూ చెయ్యిపెట్టలేదని ఆశ. చితికి ఉంటే ఎవడో చేతికందిన స్క్రూడ్రైవర్‌తో కుస్తీపట్టాడన్నమాట.

ఆయన ముందు కొన్నది పుస్తకాలు. తుపాకీ ఆ తర్వాతే, అదీ వించెస్టర్ కంపెనీ 1873 మోడల్ రైఫిల్. ఏడు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి కొత్తవాడికీ దొరుకుతుంది. అయితే తయారైన ఏడాదీ చూసుకోవాలి: అమెరికా ఫెడరల్ చట్టం 1898 దగ్గర గీత గీసింది. ఆ ఏడాది దాకా తయారైనవే యాంటిక్‌లు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. వయోమింగ్‌లోని కోడీ ఊళ్లో తుపాకుల మ్యూజియం ఉంది. వించెస్టర్ పాత చిట్టాలు అక్కడే ఉన్నాయి. సీరియల్ నంబరు రాసి రుసుము కడితే, గొట్టం గుండ్రటిదా, ఎనిమిది పలకలదా, ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు బయటికెళ్లింది అన్నీ ఉత్తరంలో వస్తాయి. ఉత్తరంలో పలకలు, చేతిలో గుండ్రం అయితే బేరం అక్కడే పడిపోతుంది.

మన దేశంలో వందేళ్లు దాటిన తుపాకీ 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువు, సొంతంగా దేశం దాటించలేం. ఆయుధాల చట్టం సంగతి వేరే. నా మటుకు నాకు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చాలు, టికెట్టు డబ్బుతో పోతుంది.

మళ్లీ బావ తుపాకుల సంగతికొస్తే, ఫ్యాక్టరీ పరీక్షలో బాగా గురి తగిలిన గొట్టాలను ఏరి, వాటితో చేసిన తుపాకుల మీద ‘వెయ్యిలో ఒకటి’ అని చెక్కి, 100 డాలర్లకు అమ్మింది వించెస్టర్ కంపెనీ. 1873 మోడల్‌లో అలాంటివి 140 లోపే. 1950లో జేమ్స్ స్టువర్ట్ నటించిన సినిమా ‘వించెస్టర్ 73’ కథంతా అలాంటి ఒక్క తుపాకీ చుట్టూనే. సినిమా ప్రచారం కోసం, మిగిలినవి ఎవరి దగ్గరున్నాయో చెప్పమని ప్రకటనలు కూడా ఇచ్చారు. పేరు మోగాక ఆ అక్షరాలు చెక్కగల చేతులకు కొదవేముంది?

ఒక గన్ షోలో అలాంటిదే బావ ముందు పెట్టాడొకాయన. అక్షరాలు తళతళలాడుతున్నాయి.

“కోడీ ఉత్తరం ఉందా?” అన్నాడు బావ.

“ఇంట్లో ఉంది” అంటూ ఆయన పక్కవాడితో బేరంలో పడ్డాడు.