డిక్కీలో చిల్లు

పిల్లలూ! ఇనుము తుప్పు పట్టడం గురించి మీరు పాఠాల్లో చదివే ఉంటారు. నేను ఆ పాఠాన్ని ఇరవై యేళ్ళు బళ్ళో చెప్పాను. అయినా తుప్పు అంటే ఏమిటో నాకు సరిగా తెలిసింది బళ్ళో కాదు, గుంటూరు ఆటోనగర్‌లో, ఒక రేకుల మేస్త్రీ దగ్గర. ఆరేళ్ళ కిందటి ఆ సంగతి చెబుతాను, వినండి. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచను.

మాది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లె. పత్తీ, మిరపా పండే నల్లరేగడి నేల. మా నాన్నగారికి ఒక అంబాసిడర్ కారు ఉన్నది. ఈ కార్లను 1957 మొదలు 2014 దాకా బెంగాలులోని ఉత్తరపాడలో హిందుస్థాన్ మోటార్స్ వారు తయారు చేశారు. ఇంగ్లండులో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు దీనికి మాతృక. మా కారు 1974 నాటిది.

నాన్నగారు దాన్ని కారుగా కన్న బండిగానే ఎక్కువ వాడారు. పత్తి విత్తనాలూ, మందు డబ్బాలూ, ఎరువు బస్తాలూ అన్నీ డిక్కీలోనే. మిరపకాయల టిక్కీలు మాత్రం డిక్కీలో పట్టవు. అవి లారీ మీద గుంటూరు యార్డుకు పోతుంటే, వెనకనే మేము కారులో పోయేవాళ్ళం.

నాన్నగారు పెద్దవారైనాక కారు నా చేతికి వచ్చింది. ఒకనాడు డిక్కీలో పరిచిన గోనెపట్టా ఎత్తి చూస్తే, అడుగురేకులో రూపాయి కాసంత చిల్లు కనపడింది. నేనేం చేశానో తెలుసా? నూనె డబ్బా రేకు ఒకటి కత్తిరించి, దానికి తారు పూసి, చిల్లు మీద అంటించి, గోనెపట్టా మళ్ళీ కప్పేశాను. మూడేళ్ళపాటు ఆ పట్టా ఎత్తలేదు. కనపడని చిల్లు లేనట్టే అనుకున్నాను.

ఒక వానాకాలం సాయంత్రం గుంటూరు నుంచి ఇంటికి వస్తున్నాను. వెనక ధణేలుమని చప్పుడైంది. కారు ఆపి దిగాను. డిక్కీలో ఉండవలసిన జాకీ రోడ్డు మీద పడి ఉన్నది. దానికి నాలుగడుగుల దూరంలో ఒక మోటారు సైకిలు పక్కకు ఒరిగి ఆగి ఉన్నది. నడిపే మనిషి ముందు, పెట్రోలు ట్యాంకు మీద, నాలుగైదేళ్ళ పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ దెబ్బ తగలలేదు. ఆ మనిషి జాకీ తీసుకువచ్చి, "ఇది మీదేనాండీ?" అన్నాడు.

"అవునండీ. దానంతటదే పడిపోయింది," అన్నాను.

మూడేళ్ళుగా చిల్లు సంగతి నాకు తెలుసునని చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే కారును ఆటోనగర్‌కు తీసుకుపోయాను. అక్కడ ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. ఆయన చిన్న సుత్తి తీసుకుని డిక్కీ అడుగును అంగుళం అంగుళం తట్టాడు. కొన్నిచోట్ల ఖంగుమన్నది. చాలాచోట్ల డబడబమని మెత్తగా పలికింది.

"మాస్టారూ, చిల్లు రూపాయంత కాదు, చాపంత," అన్నాడు.

"అయితే ఇంకా పెద్ద అతుకు వెయ్యండి," అన్నాను.

"గుడ్డే చివికిపోయినాక మాసిక వేస్తే కుట్టు దేన్ని పట్టుకుంటుంది? గట్టి రేకు తగిలేదాకా కోసెయ్యాలి," అన్నాడు మేస్త్రీ.

అంత రేకు ఎట్లా పోయింది? ఇనుమూ, నీరూ, గాలిలోని ఆక్సిజనూ కలిస్తే తుప్పు పుడుతుంది. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంచేత పొంగి, పొరలుగా ఊడిపోతుంది. పొర ఊడగానే లోపలి ఇనుము మళ్ళీ తడికి దొరుకుతుంది. మా డిక్కీలో ఇంకొకటి కూడా తోడైంది. ఎరువు బస్తాల్లోంచి పొటాష్ రాలేది. మా చేలకు వేసే ఆ పొటాష్, పొటాషియం క్లోరైడు అనే ఒక రకం ఉప్పు. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది. తుప్పు పట్టేటప్పుడు ఇనుములో అతి సన్నని విద్యుత్తు పారుతుంది కనక, ఉప్పు ఉంటే ఆ పని త్వరగా సాగుతుంది. పైగా తడిసిన గోనెపట్టా ఆరనే ఆరదు. నేను చిల్లును దాచాననుకున్నాను. నిజానికి తడిని దాచి పెట్టాను.

మీరే చేసి చూడవచ్చు. మూడు కొత్త ఇనుపమేకులు తీసుకోండి. ఒకదాన్ని పొడి దూదిలోనూ, ఒకదాన్ని నీళ్ళలో తడిపిన దూదిలోనూ, మూడోదాన్ని ఉప్పునీళ్ళలో తడిపిన దూదిలోనూ పెట్టండి. తడి దూది ఆరకుండా చూస్తూ వారం రోజులు ఉంచండి. మూడింటినీ పక్కపక్కన పెడితే మా డిక్కీ కథ మీకే కనపడుతుంది.

మా కారుకు సరిపోయే అడుగురేకు ఎక్కడా దొరకలేదు. చేత్తో చెయ్యవలసిందే. నిప్పు దగ్గరికి రాకముందే మేస్త్రీ పెట్రోలు ట్యాంకును ఊడదీసి దూరంగా పెట్టించాడు. పెట్రోలు తీసేసినా లోపల ఆవిరి మిగులుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, అది పేలుతుంది.

తరవాత రేకు కోస్తాడనుకున్నాను. ఆయన కొయ్యలేదు. ముందు డిక్కీ నోటికి అడ్డంగా ఇనుపకమ్ములు అతికాడు. ఎందుకంటే లారీకి ఉన్నట్టు ఈ కారుకు అడుగున వేరే చట్రం లేదు. అడుగురేకూ, పక్కరేకులూ, పైకప్పూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. ఆసరా లేకుండా అడుగు కోసేస్తే కారు వొళ్ళు మెలి తిరుగుతుంది, తరవాత డిక్కీ మూత పడదు.

ఆ పైన అట్టముక్క పరిచి కొలత తీశాడు. ఎడమ పక్క పూర్తిగా పోయింది కనక, కుడిపక్క కొలతే తీసి అట్టను బోర్లించాడు. అయినా రేకు కొయ్యకుండా, అట్టను అక్కడ పెట్టి చూశాడు. ఒక అంచు మూడు మిల్లీమీటర్లు ఎక్కువైంది. "అట్ట తప్పయితే అణా నష్టం, రేకు తప్పయితే రోజు నష్టం," అన్నాడు.

రేకు 18 గేజిది, సుమారు మిల్లీమీటరుంబాతిక మందం. దాన్ని చదునుగా వేస్తే బరువుకు ఊగిపోతుంది. అంచేత తుమ్మమొద్దులో గాడి తొలిచి, దాని మీద రేకు పెట్టి, గుండ్రటి ఇనుపకడ్డీతో కొట్టి, వరసగా గాళ్ళు దించాడు. రెండు పుస్తకాల మధ్య ఒక కాగితం వంతెనలాగా పెట్టి, నడుమ ఒక నాణెం ఉంచండి. కాగితం కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రలాగా మడతలు పెట్టి చూడండి. నాణేన్ని మోస్తుంది! రేకులోని గాళ్ళు చేసే పనీ అదే.

అతికేటప్పుడు కూడా ఆయన ఒక కొస నుంచి వరసగా పోలేదు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క వేస్తూ పోయాడు. వేడికి ఇనుము సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఒకే చోట వేడంతా పడితే రేకు అప్పడంలాగా వంకర పోతుంది. అతుకులన్నిటికీ మందు పూసి, పైనా కిందా ఎర్రరంగు వేసి, దాని మీద నల్లరంగు వేశాడు. పని పూర్తి కావటానికి ఆరు రోజులు పట్టింది.

కారు ఇంటికి రాగానే నాన్నగారు కర్ర పట్టుకుని వచ్చి, డిక్కీ మూత ఎత్తించారు. అరచేత్తో కొత్తరేకును నొక్కి చూశారు.

"నీళ్ళు పోను దారి పెట్టారట్రా?" అని అడిగారు.

పెట్టారు. అడుగున పల్లపు చోట రెండు బెజ్జాలు, వాటికి రబ్బరు బిరడాలు.

"అంతేలే. నీళ్ళు నిలిస్తే మిరప చేనే ఉరకెత్తి చస్తుంది, రేకెంత!" అన్నారు నాన్నగారు.

నేను ఇరవై యేళ్ళు చెప్పిన పాఠం ఆయనకు చేలో తెలిసింది, మేస్త్రీకి సుత్తిలో తెలిసింది. నాకు తెలిసి కూడా నేను పట్టా ఎత్తి చూడలేదు. ఇప్పుడు నెలకొకసారి ఎత్తి, రేకును తుడిచి, ఆరబెడుతున్నాను.

ఆ మోటారు సైకిలు మనిషి మళ్ళీ నాకు కనపడలేదు. ట్యాంకు మీద కూర్చున్న పిల్లవాడు ఈపాటికి మీ ఈడువాడై ఉంటాడు. ఈ పత్రిక అతని చేతిలో పడితే పడవచ్చు. బాబూ, ఆ జాకీ దానంతటది పడలేదు. చిల్లు ఉన్నదని నాకు తెలుసు.