తప్పిపోయిన ఐత్వం

నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. ఆయన వ్రాసిన ఉత్తరాలు ఒక రేకుపెట్టెలో మిగిలాయి. ఉద్యోగరీత్యా ఊరూరా తిరిగిన మనిషి. ఎక్కడినుండి వ్రాసినా కుడివైపు పైమూలన ఊరి పేరూ, తేదీ వేయడం ఆయన అలవాటు. అక్కయ్య చాలాకాలం క్రితమే వాటినన్నింటినీ తన మ్యాక్ కంప్యూటరులోకి స్కాను చేసి, ఒక్కొక్క ఫైలుకూ ఆ ఊరి పేరే తేదీతో కలిపి తెలుగులో పెట్టింది. మొత్తం 214 ఉత్తరాలు. ఈమధ్య ఆ యంత్రం తెర మినుకుమినుకుమనడం మొదలుపెట్టేసరికి, "ఒరేయ్, ఇది పూర్తిగా మూలబడేలోపల వాటిని నీ దగ్గరికి చేర్చుకో. తరువాత దీన్ని తుడిచేసి పాతసామానువాడికి ఇచ్చెయ్" అని నాకు అప్పగించి వెళ్ళింది.

నా ఇంట్లో ఉన్నది లినక్సు. రెండూ యూనిక్సు వంశంలోనివే, అన్నదమ్ముల మధ్య మధ్యవర్తి ఎందుకని ఎన్‌ఎఫ్‌ఎస్‌ను ఎంచుకున్నాను. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు రూపొందించిన పద్ధతి అది. ఒక యంత్రంలోని ఫోల్డరును మరొక యంత్రం తన సొంత డిస్కులో ఉన్నట్లే చూడగలుగుతుంది. ఐదు నిమిషాల పని అనుకున్నాను. మూడు రాత్రులు పట్టింది.

మొదటి రాత్రి గుమ్మంలోనే ఆగిపోయాను. అనుమతి లేదు పొమ్మన్నది లినక్సు. 1024కన్నా తక్కువ సంఖ్యగల పోర్టునుండి వచ్చిన వారినే అది మామూలుగా లోనికి రానిస్తుంది. ఆ పోర్టులను తెరిచే అధికారం ఒకప్పుడు రూట్‌కు మాత్రమే ఉండేది గనుక, అక్కడినుండి వచ్చినవాడు పెద్దమనిషే అయి ఉంటాడని పాతకాలపు నమ్మకం. మ్యాక్ పై సంఖ్యల పోర్టునుండి వచ్చి తలుపు తడుతున్నది. లినక్సు ఎక్స్‌పోర్ట్స్ ఫైలులో "ఇన్‌సెక్యూర్" అన్న మాట చేర్చగానే తలుపు తెరుచుకున్నది. మాట భయపెట్టేదే గాని, ఇంట్లోని రెండు యంత్రాల మధ్య దానివల్ల కొంప మునిగేదేమీ లేదు.

రెండవ రాత్రి ఫోల్డరు కనబడింది గాని, అందులో ఏమీ వ్రాయనివ్వలేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ పాత పద్ధతిలో మనిషిని పేరుతో కాక అంకెతో గుర్తిస్తుంది. మ్యాక్‌లో మొదటి ఖాతాకు వచ్చే అంకె 501, అది అక్కయ్యది. లినక్సులో నా అంకె 1000. ఆ ఫోల్డరు 1000వ వాడి సొత్తు, 501 ఎవరో దానికి తెలియదు. ఆ యంత్రంనుండి ఎవరు వచ్చినా 1000వ వాడిగానే లెక్కించమని సర్వరుకు చెప్పాను. ఉత్తరాలు ఒక్కొక్కటే రావడం మొదలయింది.

మూడవ రాత్రి లెక్క చూసుకున్నాను. అటు 214, ఇటు 214. అంతటితో ఊరుకోవలసింది. అయితే రేకుపెట్టెలోని ఉత్తరాలను చూసి లినక్సులో నేను స్వయంగా టైపు చేసుకున్న జాబితా ఒకటి ఉన్నది. దానితో సరిపోల్చి, జాబితాలో లేని చెత్త ఏదైనా చేరి ఉంటే తీసివేసేలా చిన్న స్క్రిప్టు వ్రాశాను. జాబితాలో ఉండి ఫోల్డరులో లేనివి 11, ఫోల్డరులో ఉండి జాబితాలో లేనివి 11 అని చెప్పిందది. ఆ రెండవ పదకొండింటినీ తొలగించమంటావా అని అడుగుతున్నది. రాత్రి ఒంటిగంట దాటింది. పాత నకళ్ళేవో అయి ఉంటాయనుకొని మీట నొక్కబోయి, ఏ ఉత్తరాలు రాలేదో చూద్దామని పేర్లు చదివాను. కైకలూరు. మైలవరం. మైదుకూరు. రైల్వేకోడూరు. హైదరాబాదు. తొలగిస్తానంటున్న జాబితా చదివాను. కైకలూరు. మైలవరం. మైదుకూరు. అవే ఊళ్ళు, అవే తేదీలు!

ఏలూరు వచ్చింది, గుడివాడ వచ్చింది, నంద్యాల వచ్చింది. రానివాటన్నింటిలోనూ ఉన్నది ఒక్కటే, ఐత్వం.

పేర్లను బైట్లుగా విడదీసి చూస్తే గుట్టు తెలిసింది. యూనికోడులో ఐత్వాన్ని రెండు విధాల వ్రాయవచ్చు. ఒకే గుర్తుగా వ్రాస్తే మూడు బైట్లు. ఎత్వమూ, దాని కింద వేసే వంకా రెండు గుర్తులుగా వ్రాస్తే ఆరు. రెండూ సమానమేనని యూనికోడు నియమం, తెరమీద తేడా కనబడదు. మ్యాక్‌లో 1998లో వచ్చిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పద్ధతి ఫైళ్ళ పేర్లను ఇలా విడదీసి దాచుకుంటుంది. లినక్సు ఇచ్చిన బైట్లను ఇచ్చినట్లే ఉంచుతుంది, పోల్చేటప్పుడూ బైట్లనే చూస్తుంది. నా మీటలపలక ఒకే గుర్తును వ్రాసింది. తెలుగు గుణింతంలో ఇలా విడిపోయేది ఐత్వం ఒక్కటే. ఒత్వం, ఓత్వం, ఔత్వం విడిపోవు. అందుకే పదకొండుతో పోయింది.

మందు తేలికే. మ్యాక్‌లో ఆ ఫోల్డరును తగిలించేటప్పుడు "ఎన్‌ఎఫ్‌సి" అన్న ఐచ్ఛికం ఇస్తే పేర్లు కలిసిన రూపంలోనే వెళతాయి. అప్పటికే వచ్చేసిన వాటిని "కన్వ్‌ఎమ్‌వి" అనే పనిముట్టుతో సరిదిద్దాను. అడిగితే తప్ప అది దేన్నీ మార్చదు, ఏమి మారుస్తుందో ముందు చూపిస్తుంది. నా స్క్రిప్టుకు లేని బుద్ధి దానికి ఉన్నది. 2017లో వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ పేర్లను విడదీయదు గాని, పాత మ్యాక్ డిస్కులలో తెలుగు పేర్లతో ఫైళ్ళున్నవారు జాగ్రత్తపడడం మంచిది.

చిన్నప్పుడు నాన్నగారు పలకమీద నా చేయి పట్టుకొని, ముందు ఎత్వం పెట్టించి, ఆపైన కింద వంక దిద్దించేవారు. మ్యాక్ అలాగే వ్రాసింది పాపం. దాన్ని చెత్త అన్నది నేనే.

ఆ రాత్రి మైలవరం ఉత్తరం తెరిచాను. నేను పుట్టిన వారానికి అమ్మకు వ్రాసినది. "పిల్లవాడికి పేరు నేను వచ్చిన తరువాత పెడదాము, తొందరపడకండి" అని ఉన్నది. తెల్లవారాక అక్కయ్యకు ఫోనులో చదివి వినిపించాను. తరువాత స్క్రిప్టులోని ఆ తొలగింపు వాక్యం కొట్టివేశాను. మ్యాక్‌ను మాత్రం ఇంకా తుడవలేదు.