పశువుల పాక చుట్టూ ఊరంతా

డిసెంబరులో స్కూల్ రిసెప్షన్ దగ్గర పశువుల పాక పెడతారు కదా, ఈసారి పిల్లల్ని దింపి వెళ్లేటప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. తొట్టిలో బాల యేసు, పక్కన మరియ, యోసేపు, గొర్రెల కాపరులు, ముగ్గురు జ్ఞానులు. మనకు అక్కడితో సరి. ఇటలీలోని నేపుల్స్‌లో మాత్రం సరిపోదు. చేపలమ్మేవాడు, రొట్టెలు కాల్చేవాడు, బట్టలుతికే ఆమె, ఇలా ఊరంతా పాక చుట్టూ చేరాల్సిందే. దాన్ని వాళ్లు 'ప్రెసేపె' అంటారు. ఆ మాటకు పశువుల తొట్టి అనే అర్థం.

పోయిన నవంబరులో ఆఫీసు పని మీద వెళ్లినప్పుడు అక్కడి సాన్ గ్రెగోరియో అర్మేనో వీధి చూశాను. మన బేగంబజార్ సందుల్లాగే ఇరుకు. రెండు వైపులా ఈ బొమ్మల దుకాణాలే. ఒక పెద్దాయన గోరంత బుట్టలోని మట్టి నిమ్మకాయలకు రంగు వేస్తున్నాడు. కాపరుల మధ్య ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా బొమ్మ కూడా ఉంది! నవ్వొచ్చింది. కానీ మన బొమ్మల కొలువులో దేవుళ్ల పక్కనే తాడెక్కే గీత కార్మికుడి కొండపల్లి బొమ్మ ఉండదా?

ఈ ఆచారానికి మూలంగా 1223ను చెబుతారు. ఆ క్రిస్మస్ రాత్రి అస్సీసీ సెయింట్ ఫ్రాన్సిస్ గ్రెచ్చో అనే ఊళ్లో నిజమైన ఎద్దునూ గాడిదనూ తెప్పించి, తొట్టిలో గడ్డి వేయించాడు. యేసు ఎంత పేదరికంలో పుట్టాడో కళ్లారా చూడాలన్నది ఆయన కోరిక. 18వ శతాబ్దానికి నేపుల్స్‌లో అది పెద్ద కళ అయింది. తల కాల్చిన మట్టితో, కళ్లు గాజుతో, చేతులూ కాళ్లూ చెక్కతో చేసేవారు. ఒళ్లు మాత్రం ఇనుప తీగకు నార చుట్టింది, ఎలా కావాలంటే అలా వంగుతుంది. పైన పట్టుబట్టలు. పేదరికం చూపించడానికి పుట్టిన బొమ్మకు పట్టుబట్టలేమిటో మరి!

ప్రతి బొమ్మకూ ఓ కథ ఉంది. కొండ మీద నిద్రపోయే కుర్ర కాపరి పేరు బెనీనో. ఈ దృశ్యమంతా అతని కలేనట, లేపితే మాయమైపోతుందట. కూలిన గుడి స్తంభాలు ముగిసిపోయిన పాత కాలానికి గుర్తు. సత్రం, చోటు లేదని తిప్పి పంపినవాళ్లకు గుర్తు. 24 అర్ధరాత్రి దాకా తొట్టి ఖాళీగానే ఉంటుంది. చాలా ఇళ్లలో జ్ఞానుల్ని దూరంగా పెట్టి, రోజుకింత జరుపుతూ జనవరి 6కి పాక దగ్గరకు చేరుస్తారు.

మనలాంటి తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాల్సిన నాటకం ఒకటుంది. నేపుల్స్ రచయిత ఎద్వార్దో దె ఫిలిప్పో 1931లో ప్రదర్శించిన 'కుపియెల్లో ఇంట క్రిస్మస్'. అందులో తండ్రి లూకా జిగురూ అట్టలతో ప్రెసేపె కడుతూ, ఎదిగిన కొడుకును నచ్చిందా అని మళ్లీ మళ్లీ అడుగుతాడు. కొడుకు నచ్చలేదనే అంటాడు. చివరికి మంచం పట్టిన తండ్రి అదే ప్రశ్న వేసినప్పుడు గానీ నచ్చిందని చెప్పడు. నాకు అనిపించేదేమిటంటే, కడుతున్నంతసేపూ ఆ జిగురు డబ్బా కొడుకు చేతికి ఇచ్చి ఉంటే జవాబు ముందే వచ్చేదేమో.

అందుకే ఈసారి మా ఇంట్లో పాక పని మూడో తరగతి చదివే మా పాపకు అప్పగించాం. అట్టపెట్టె, వినాయక చవితికి మిగిలిన మట్టి, గోడ మీది నాచు. ఎవరెవరు ఉండాలో తనే రాసుకుంది: ఇస్త్రీ బండి తాత, పాల అంకుల్, స్కూల్ వ్యాన్ అన్న. వ్యాన్ అన్నను తీసుకెళ్లి పాక వెనక నిలబెట్టింది. ముందుకు పెట్టొచ్చుగా అంటే, "పార్కింగ్ అక్కడే కదా నాన్నా" అంది.