రైతుబజారులో నోటిలెక్క

కూరగాయల అంగట్లో నోటిలెక్కకు గుణకారం కన్నా విడదీయడమే ఆధారం. బరువును కిలో, అర, పావు, వంద గ్రాములుగా విడగొట్టి, ఒక్కోదాని ధర కూడుకుంటూ పోతారు. హైదరాబాద్ మెహదీపట్నం రైతుబజారులో నేను తిరిగిన పొద్దున గట్టు గట్టుకూ వినిపించింది ఈ లెక్కే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు 1999 జనవరిలో మొదలయ్యాయి. దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవడం వీటి ఉద్దేశం. ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద ఉంటుంది. టోకు ధర కన్నా ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా తక్కువగా దాన్ని నిర్ణయిస్తారు. ధర ముందే తేలిపోవడంతో బేరం తగ్గి, లెక్క మిగులుతుంది.

బెండకాయలు కిలో 36 రూపాయలైతే ముప్పావు కిలోకు 36ను 0.75తో ఎవరూ హెచ్చవేయరు. పావు 9 రూపాయలు. కిలో ధరలోంచి అది తీసేస్తే 27. టమాటాలు కిలో 40 ఉండి, తూకం 1 కిలో 350 గ్రాములు వస్తే కిలోకు 40, పావుకు 10, వంద గ్రాములకు 4, మొత్తం 54.

ఈ పావు అలవాటు పాత నాణేల నాటిది. రూపాయికి 16 అణాలు కాబట్టి సగం చేస్తూ పోతే 8, 4, 2, 1గా తెగేది. 1957లో దశాంశ నాణేలు వచ్చాయి, 2011లో పావలా చెల్లుబాటు పోయింది. లెక్కలో పావు మాత్రం నిలిచింది.

మొత్తం కూడేటప్పుడు వరస పాటించనక్కర్లేదు. 27, 54, 33, 23 ఉంటే చివరి అంకెలు పదికి కుదిరే 27, 33లను ముందు కలిపి 60 చేస్తారు. దానికి 54 చేరిస్తే 114, 23 చేరిస్తే 137. రెండు వందల నోటుకు చిల్లర ఇచ్చేటప్పుడు తీసివేత ఉండదు. మూడు ఇచ్చి 140, పది ఇచ్చి 150, యాభై ఇచ్చి 200 అని పైకి లెక్కపెడతారు.

కొనేవారికి ఇంత కచ్చితత్వం అక్కర్లేదు, హద్దు తెలిస్తే చాలు. నలభై రూపాయల టమాటా కిలోన్నర లోపే తూగింది కాబట్టి 60 దాటకూడదు. దాటితే మళ్లీ అడగాలి. ఫోన్‌తో చెల్లిస్తే చిల్లర లెక్క బాధ తప్పుతుంది గానీ, ఎంత కొట్టాలో తేల్చే కూడిక ఇద్దరికీ తప్పదు.